పేరు లేని ఐదు రోజులు, ముప్పై నాలుగేళ్ల కొలువు

1991 జూన్ 3, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు, ఒక చేతిలో నియామక పత్రమూ మరో చేతిలో తడిసిన గొడుగూ పట్టుకుని, మన ప్రదర్శనశాల వెనుక గుమ్మం నుంచి లోపలికి అడుగుపెట్టిన ఇరవై ఆరేళ్ల యువతి, ఈ నెలాఖరున ప్రాచీన మతాల విభాగాధిపతిగా పదవీ విరమణ చేయబోతున్నారు. ఆనాడు వెనుక గుమ్మం నుంచి రావడానికి కారణం వినయం కాదు. ముందు గుమ్మం ఎటువైపు ఉందో వారికి తెలియలేదు. వానలో భవనం చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, చివరికి తెరిచి ఉన్న తలుపు ఏది కనబడితే అందులోంచి వచ్చేశానని వారే చెప్పి నవ్వేవారు.

మన సంస్థలో వారిని పేరు పెట్టి పిలిచేవారు అరుదు. 'తేదీల మేడమ్' అంటేనే అందరికీ తెలుస్తుంది. ఎవరు ఎప్పుడు ఉద్యోగంలో చేరారో, ఎవరి బిడ్డ ఏ వారం పుట్టిందో, మూడో అంతస్తు లిఫ్టు మొదటిసారి మొరాయించింది ఏ నెలలోనో ఆవిడకి నాలుక చివరే ఉంటుంది. సెలవు చీటీలో తేదీ అటూ ఇటూ చేసి ఆవిడ కళ్లు గప్పినవారు ఈ భవనంలో ఇంతవరకూ లేరు. నాలుగు వేల ఏళ్ల నాటి మనుషులు తమ రోజులను ఎలా లెక్కించుకున్నారో, ఆ లెక్క చుట్టూ ఏ కథలు అల్లుకున్నారో, ఏ క్రతువులు జరుపుకున్నారో తెలుసుకోవడమే జీవితవ్రతంగా పెట్టుకున్న మనిషికి, తోటివారి తేదీలు గుర్తుండటం పెద్ద విశేషం కాదేమో.

చేరిన తొలినాళ్లలో వారికి అప్పగించిన పని మట్టి పలకలను మెత్తని కుంచెతో శుభ్రం చేసి, అంకెలు వేసి, అరల్లో సర్దడం. అప్పటి విభాగాధిపతిని అందరూ పెద్దసారు అనేవారు. ఒక నదీ తీరపు తవ్వకాల్లో దొరికిన నాలుగు వందల పన్నెండు పలకలు ఆయన ఆధీనంలో ఉండేవి. ఆ పలకలు రాసిన జనం తమను తాము ఏమని పిలుచుకున్నారో ఎక్కడా దొరకలేదు కనుక, మన జాబితాలన్నిటిలోనూ వారు 'నదీతీర ప్రజలు'గానే ఉండిపోయారు. చేరిన నాలుగో వారంలో మేడమ్ ధైర్యం చేసి, "సార్, వీటిని చదవడం ఎప్పుడు నేర్పుతారు?" అని అడిగారట. పెద్దసారు తల ఎత్తకుండానే, "అవి నాలుగు వేల ఏళ్లు ఆగాయి. నువ్వు నాలుగు నెలలు ఆగలేవా?" అన్నారట. నాలుగు నెలలు కాదు, రెండేళ్లు ఆగారు. ఆ రెండేళ్లలో చూసి చూసి, కుంచె కింద కదిలే గుర్తులను సొంతంగా పోల్చుకుని, ఒక రోజు మేడమ్ వాటి అర్థాలు రాసుకున్న నోటు పుస్తకాన్ని పెద్దసారు బల్ల మీద పెట్టారు. ఆయన ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా దాన్ని చదివి, మర్నాటి నుంచి కుంచె పని వేరొకరికి అప్పజెప్పారు.

నదీతీర ప్రజల కాలగణన గురించి మేడమ్ చెబుతుంటే వినడం మనలో చాలామందికి దక్కిన భాగ్యం. వారి ఏడాదికి పన్నెండు నెలలు, నెలకు ముప్పై రోజులు. ప్రతి రోజుకూ ఒక పేరు, ఒక అధిదేవత, ఆ రోజున చేయదగిన పని ఒకటి, చేయకూడనిది ఒకటి. మొత్తం మూడు వందల అరవై. కానీ సూర్యుడు వారి లెక్కకు ఒదగలేదు. ఏడాది చివర ఐదు రోజులు మిగిలిపోయాయి. ఆ ఐదింటికీ వారు పేరు పెట్టలేదు, దేవతను నియమించలేదు. ఆ రోజుల్లో పొయ్యి వెలిగించరు, విత్తనం ముట్టరు, పుట్టిన బిడ్డకు పేరు పెట్టరు. కాలం తన పని ఆపి కూర్చున్న రోజులవి. మళ్లీ లేచి నడుస్తుందో లేదో అన్న బెంగ ఆ జనానికి ఏటేటా కొత్తగా ఉండేది. "మనకి రేపు వస్తుందని ధీమా. వాళ్లకి రేపుని పిలిస్తేనే వస్తుంది, లేకపోతే రాదు. ఆ పిలవడమే క్రతువు," అనేవారు మేడమ్. మరొక నదీ తీరాన ఇలాంటి ఐదు మిగులు రోజుల్లోనే ఐదుగురు దేవతలు జన్మించారని నమ్మేవారనీ, ఇంకొక ప్రాచీన నగరంలో కొత్త ఏడాది వేడుకలో ప్రధాన పూజారి రాజుగారి చెంప ఛెళ్లుమనిపించేవాడనీ, రాజు కంట నీరు తిరిగితే ఆ ఏడు శుభమని సంతోషించేవారనీ చెప్పేవారు. ఈ రెండో ఆచారాన్ని మన వార్షికోత్సవంలో ప్రవేశపెట్టాలని సిబ్బంది సంఘం ఒక ఏడు సరదాగా తీర్మానించగా, డైరెక్టర్ గారు ఆ రోజు సెలవు పెట్టిన వైనం ఇక్కడ విస్తరించనక్కర్లేదు.

ఇక అసలు కథకు వద్దాం. మేడమ్‌కు కీర్తి తెచ్చినదీ, ఇరవై ఏడేళ్లపాటు లోలోపల గుచ్చినదీ ఒకే పలక. జాబితాలో దాని సంఖ్య రెండు వందల పదిహేడు. ఏడాది చివరి ఐదు రోజుల క్రతువు దాని మీద రాసి ఉంది. కుడివైపు కింది మూల విరిగిపోవడం వల్ల చివరి రెండు పంక్తుల కొసలు లేవు. మిగిలిన భాగాన్ని 1997లో మేడమ్ ఇలా చదివారు: 'ఐదవ దినమున, గుమ్మము ఎదుట, బంధితుని'. అక్కడ పగులు. తర్వాతి పంక్తి మొదట్లో 'కోయవలెను'. మళ్లీ పగులు.

బంధితుని ఏమి కోయాలి? పోయిన ముక్కలో 'కంఠము' అన్న మాట ఉండి ఉంటుందని మేడమ్ ఊహించారు. ఊహ అని తెలియడానికి ఆ మాటను కుండలీకరణాల్లో ఉంచి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, వ్యాసం ప్రచురించారు. ఆగిన కాలాన్ని మళ్లీ కదిలించడానికి నదీతీర ప్రజలు ఏటా ఒక మనిషిని బలి ఇచ్చేవారన్న ప్రతిపాదన దేశదేశాల పండితులను ఆకర్షించింది. వ్యాసం పుస్తకమైంది. పుస్తకం రెండో ముద్రణలో ప్రశ్నార్థకం రాలిపోయింది. పాఠశాల వాచకంలోకి ఎక్కేసరికి కుండలీకరణాలు కూడా పోయాయి. వ్యాసం వెలువడిన రెండేళ్లకు మన మొదటి అంతస్తులో 'కాలమందిరం' పేరుతో కొత్త గది తెరిచారు. అందులో నిలువెత్తు ప్లాస్టరు బొమ్మలు రెండు: చేతులు వెనక్కి విరిచి కట్టిన మనిషి ఒకడు, కత్తి ఎత్తిన పూజారి ఒకడు. ప్రదర్శనశాలకు వచ్చేవారిలో సగం మంది ఆ గది కోసమే వచ్చేవారు. సిబ్బంది దాన్ని 'కోత గది' అనేవారు. ప్రశ్నార్థకం రాలిపోయినప్పుడు మేడమ్ గమనించారు. అచ్చువాళ్లకు ఉత్తరం రాయాలనుకున్నారు. రాయలేదు. "పొగడ్తలు బాగున్నాయి మరి. ఆ చిన్న గుర్తు కోసం అవన్నీ ఎందుకు పాడు చేసుకోవాలనిపించింది," అని ఇటీవల వారే దాపరికం లేకుండా ఒప్పుకున్నారు.

కూతురికి ఆరేళ్లప్పుడు మేడమ్ ఒక సెలవు రోజున ఆ గది చూపించడానికి తీసుకొచ్చారు. అమ్మ గొప్పతనం బిడ్డ చూడాలని ఏ తల్లికి ఉండదు? కట్టేసిన మనిషి బొమ్మ ముందు పాప చాలాసేపు నిలబడింది.

"అమ్మా, ఈయన్ని ఏ రోజున చంపారు?"

"చివరి రోజున నాన్నా. దానికి పేరు లేదు."

"పేరు లేకపోతే, ఫలానా రోజున చంపామని వాళ్లమ్మకి ఎలా చెప్తారు?"

మేడమ్ ఐస్‌క్రీము కొనిపెట్టి మాట మార్చారు. కానీ ఆ తర్వాత ఆ గదిలోకి పని ఉంటే తప్ప వెళ్లేవారు కాదు. వెళ్లినా బొమ్మ ముఖం వైపు చూసేవారు కాదు. గది తెరిచిన నాటి నుంచి కాపలా ఉన్న ఉద్యోగి కూడా తన కుర్చీని బొమ్మలకు వీపు పెట్టి వేసుకునేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "వచ్చేవాళ్లని చూడాలి కదండీ," అనేవాడు.

2005లో పెద్దసారు తరువాత విభాగాధిపత్యం స్వీకరించిన మేడమ్, ఆ పదవికి తెచ్చిన శోభ వర్ణించాలంటే ఈ సంచిక చాలదు. పలకలన్నిటి ఛాయాచిత్రాలు కంప్యూటరులోకి ఎక్కించి, ఎవరు ఎక్కడి నుంచి అడిగినా అందేలా చేశారు. 2011 వానలకు నేలమాళిగలోకి నీరు చేరినప్పుడు, మోకాటి లోతు బురదలో నిలబడి, మనుషులను వరుసగా నిలిపి, చేతి నుంచి చేతికి నాలుగు వందల పళ్లేలు మెట్ల పైకి చేరవేయించారు. ఒక్క పలక తడవలేదు. లెక్కల మాస్టారైన వారి భర్త ఆ రోజు బడి మానేసి వచ్చి వరుసలో పదకొండో మనిషిగా నిలబడ్డారు. ఆయన ఇప్పటికీ తన ఉద్యోగ జీవితంలో ప్రదర్శనశాలకు చేసిన సేవ ఒక పూట అని చమత్కరిస్తుంటారు.

ఇంతలో కూతురు పెద్దదై, ప్రసూతి వార్డులో నర్సుగా చేరింది. నిరుడు వేసవిలో ఒక మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నప్పుడు, ఆ అమ్మాయి తన ఉదయపు పని గురించి చెబుతోంది. బిడ్డ మెడకు బొడ్డుతాడు రెండు చుట్లు చుట్టుకుని పుట్టిందట, ముఖం నీలం తిరిగిందట.

"టక్కున కోసేశామమ్మా. కోశాకే ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత చూడాలి, వార్డంతా ఎగిరిపోయేలా ఏడుపు."

మేడమ్ ముద్ద చేత్తో పట్టుకుని ఆగిపోయారు.

"ఏం కోశారు?"

"బొడ్డుతాడు. ఇంకేం కోస్తాం?"

"బిడ్డని కోశాం అనుకుంటే?"

"అమ్మా, తింటున్నాం," అంది కూతురు.

మాస్టారు భార్య ముఖం చూసి, ఆ పూట ఇక మాటలు జరగవని గ్రహించి, పెరుగు గిన్నె తన వైపు జరుపుకున్నారు.

మర్నాడు మేడమ్ ఆఫీసుకు వచ్చి తలుపు వేసుకున్నారు. నాలుగు వందల పన్నెండు పలకల్లో 'కోయు' అన్న ఆ గుర్తు ఎక్కడెక్కడ వచ్చిందో ఒక్కొక్కటే ఏరారు. పదిహేడు చోట్ల వచ్చింది. రెల్లు కోయడం, పడవ మోకు కోయడం, జుట్టు కోయడం, ఒకచోట పుట్టిన బిడ్డ బొడ్డు కోయడం. జంతువును వధించడానికి ఒక్కచోట కూడా లేదు. వధకు వారికి వేరే మాట ఉంది. మన భాషలోలాగే వారి భాషలో కూడా 'బంధితుని' అన్నదానికి రెండు అర్థాలు తీయవచ్చు: బంధితుణ్ణే కోయాలనీ కావచ్చు, బంధితుడిదైన దేన్నో కోయాలనీ కావచ్చు. ఇదంతా ఇరవై ఏడేళ్ల క్రితమే తెలియవలసిన విషయం. కట్టేసిన మనిషి, కోయడం అన్న రెండు మాటలు పక్కపక్కన కనబడగానే ఆ వయసులో వారి మనసు నేరుగా కంఠం మీదికి వెళ్లింది. అప్పుడు పదిహేడు చోట్లు వెతకలేదు, నాలుగు చోట్లు చూసి ఊరుకున్నారు.

అయినా ఊహకు ఊహ జవాబు కాదు. విరిగిన మూల దొరకాలి. అందుకోసం వారు ఆశ్రయించినది అతుకుల బాబాయ్‌ని. పగిలిన కుండలనూ పలకలనూ అతికించే పనిలో నలభై ఏళ్లు గడిపి, పదవీ విరమణ తర్వాత కూడా మమకారం వదలక వారానికి మూడు రోజులు వస్తున్న ఆ పెద్దమనిషిని ఎరగనివారు మనలో లేరు. కోత గదిలోని బొమ్మలు చేసింది కూడా ఆయనే. మేడమ్ రెండు వందల పదిహేడును ఆయన ముందు పెట్టి, విరిగిన అంచు చూపించి, "ఇలాంటి అంచు ఎక్కడైనా చూశారా బాబాయ్?" అని అడిగారు. ఆయన కళ్లు మూసుకుని వేలితో ఆ అంచును తడిమి, "చూడలేదు. కనబడితే వేలు చెప్తుంది," అన్నారు.

సెప్టెంబరులో పాత అరలను కొత్త భవనానికి తరలిస్తున్నారు. వంటింటి పెంకులు అని రాసిన ఒక పళ్లెం బాబాయ్ చేతికి వచ్చింది. అందులో మసి పట్టిన ముక్కలే అన్నీ. ఒక ముక్క దగ్గర ఆయన వేలు ఆగింది. దాన్ని రుమాల్లో చుట్టుకుని, మెట్లెక్కి మేడమ్ గదికి వచ్చారు.

"అమ్మాయ్, ముందు కూర్చో. ఆ తర్వాత ఈ పళ్లెం మీద చీటీ చూడు. రాత ఎవరిదో పోల్చుకో."

చీటీ మీద 1991 డిసెంబరు అని ఉంది. చేతిరాత ఆవిడదే. కుంచె పని చేసిన రోజుల్లో, మసి పట్టిన ఆ ముక్కను కుండ పెంకు అనుకుని, వంటింటి సరుకులో వేసింది తనే. ముప్పై మూడేళ్లుగా అది వారి గదికి సరిగ్గా రెండంతస్తుల కింద ఉంది.

బాబాయ్ ముక్కను పలక పక్కన చేర్చారు. జిగురు కూడా అక్కర్లేకుండా, చేతిలో చెయ్యి వేసినట్టు కూర్చుంది. మసిని తడి దూదితో తుడిచారు. గుర్తులు బయటపడ్డాయి. మేడమ్ భూతద్దం తీసుకుని పైపంక్తి చదివారు: 'తాడు'. కిందిపంక్తి చదివారు. మళ్లీ చదివారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"బాబాయ్, ఆయన ఇంటికి వెళ్లిపోయాడు."

"ఎవరు?"

"మనం కట్టేసిన మనిషి."

ఐదవ దినమున, గుమ్మము ఎదుట, బంధితుని తాడు కోయవలెను. అతడు తన కాళ్లతో తన ఇంటికి పోవును. ఇదీ ఆ రెండు పంక్తుల పూర్తి పాఠం. నదీతీర ప్రజలు గడిచిన ఏడాదిని ఒక మనిషి రూపంలో ఊహించుకుని, ఐదు రోజులు కట్టి కూర్చోబెట్టి, చివర కట్టు తెంచి పంపేసేవారు. అతడు లేచి నడిస్తే కాలం నడిచినట్టు. ఎవరూ ఎవర్నీ చంపలేదు. మేడమ్ ముక్కాలి పీట మీద కూర్చుని, గుండెల మీంచి బండరాయి దించినట్టు నిట్టూర్చారు. బాబాయ్ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చారు. అది చల్లారిపోయింది, అయినా ఇద్దరూ తాగారు.

భయం ఒక అరగంట ఆలస్యంగా వచ్చింది. పదవీ విరమణకు ఇంకా ఎనిమిది నెలలు. ఆ పాత వ్యాసానికే ఒక విద్వత్పరిషత్తు జీవిత సాఫల్య పురస్కారం ప్రకటించి ఉంది. కాలమందిరం రజతోత్సవానికి ఆహ్వాన పత్రాలు అచ్చులో ఉన్నాయి. మర్నాడు డైరెక్టర్ గారి గదిలో జరిగిన సంభాషణను ఆయన అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాం.

"మేడమ్, మీ నిజాయితీ మీద నాకు గౌరవం ఉంది. ఎనిమిది నెలలే కదా. పురస్కారం అందుకోండి, గౌరవంగా వెళ్లండి. తర్వాత వచ్చేవాళ్లు ఎవరో ఒకరు దిద్దుతారు."

"వాళ్లు ఆ ముక్క కోసం మళ్లీ ముప్పై ఏళ్లు వెతకాలా సార్?"

"వెతకక్కర్లేదు. ముక్క దొరికిందిగా. ఇప్పుడే చెప్పొద్దంటున్నానంతే."

"ఆయన్ని కట్టేసింది నేను. విప్పడం కూడా నేనే చెయ్యాలి."

డైరెక్టర్ గారు ఆలోచించి చెబుతానన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో మేడమ్ భర్తను సలహా అడిగారు. మాస్టారు పాతికేళ్లకు పైగా నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషి.

"బోర్డు మీద తప్పు లెక్క చేసి, తనే లేచి వచ్చి చెరిపేసినవాళ్లకి నేనెప్పుడూ మార్కులు తగ్గించలేదు. పక్కవాళ్లు లేచి చెరిపేదాకా కూర్చున్నవాళ్లకే తగ్గించాను," అన్నారు. ఆ మాట అని, వార్తలు చూడటానికి లేచి వెళ్లారు.

జనవరిలో, ఆ కాలమందిరంలోనే, ఆ బొమ్మల ముందే అరవై కుర్చీలు వేయించి మేడమ్ ప్రసంగించారు. డైరెక్టర్ గారు మొదటి వరుసలో కూర్చున్నారు. రావడమే ఆయన ఇచ్చిన జవాబు. పండితులూ, ఉపాధ్యాయులూ, పత్రికలవారూ వచ్చారు. మేడమ్ ముందు తన పాత వాక్యం చదివారు. తర్వాత కొత్త వాక్యం చదివారు. ఆ తర్వాత ముక్క ఎక్కడ దొరికిందో, దాన్ని అక్కడ వేసింది ఎవరో, ప్రశ్నార్థకం రాలిపోతుంటే చూసి ఊరుకున్నది ఎవరో, ఏదీ దాచకుండా చెప్పారు.

వెనుక వరుసలో ఒక చరిత్ర ఉపాధ్యాయిని లేచారు.

"ఇరవై రెండేళ్లుగా ఈ పాఠం చెబుతున్నానండీ. వెయ్యి మందికి పైనే పిల్లలకి ఆ మనిషిని చంపారనే చెప్పాను. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ముందు నన్ను క్షమించండి," అన్నారు మేడమ్. "ఆ తర్వాత, ఆ పిల్లల్లో ఎవరు ఎదురుపడ్డా, ఆయన ఇంటికి చేరాడని చెప్పండి. నేను చెప్పగలిగింది అంతే."

అప్పుడు తలుపు దగ్గర నుంచి, పాతికేళ్లుగా బొమ్మలకు వీపు పెట్టి కూర్చున్న కాపలా ఉద్యోగి నోటి నుంచి, తనకే తెలియకుండా, గది నలుమూలలా వినబడేలా "హమ్మయ్య" అని వచ్చింది. సభ మొత్తం నవ్వింది. ఆ ఉపాధ్యాయిని కూడా నవ్వారు. మేడమ్ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత జరిగినవన్నీ మంచివే అని రాస్తే అబద్ధమవుతుంది. విద్వత్పరిషత్తు పురస్కారాన్ని వెనక్కు తీసుకుంది. ఒక పత్రిక నిర్లక్ష్యమన్న మాట వాడింది. ఆ మాట సబబేనని మేడమ్ వారికే ఉత్తరం రాశారు. రెండు నెలలు సందర్శకులు పలచబడ్డారు. కత్తి కోసం వచ్చేవారు రావడం మానేశారు, తాడు కోసం వచ్చేవారికి ఇంకా కబురు అందలేదు. అయితే వాచకం కొత్త ముద్రణలో ఆ పాఠం మారుతున్నట్టు మార్చిలో అధికారికంగా తెలిసింది. ఆ నెలలోనే బాబాయ్ పదిహేను రోజులు కష్టపడి బొమ్మలను మార్చారు. పూజారి చెయ్యి కిందికి దిగి, కత్తి మొన తాడు మీదికి వచ్చింది. బంధితుడి ఒక మణికట్టు అప్పుడే వదులై పక్కకు వాలింది. ముఖం మాత్రం ఆయన మార్చలేదు. "భయం అప్పుడే ఎలా పోతుంది? ఇంటికి చేరాక పోతుంది," అన్నారు. గది తిరిగి తెరిచిన రోజున కాపలా ఉద్యోగి తన కుర్చీని బొమ్మల వైపు తిప్పి వేసుకున్నాడు. మేడమ్ కూతురు వార్డు నుంచి నేరుగా వచ్చి, బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడు వాళ్లమ్మకి చెప్పక్కర్లేదు. ఆయనే వెళ్లి చెప్పుకుంటాడు," అంది.

ఈ నాలుగు నెలలుగా మేడమ్‌ను చూస్తున్నవారికి ఒక మార్పు కనబడుతూనే ఉంది. మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని నలుగురితో కబుర్లు చెబుతున్నారు. కాలమందిరంలోకి కారణం లేకుండానే వెళ్లి వస్తున్నారు. పురస్కారం పోయినందుకు సంతాపం తెలపబోయిన ఒక మిత్రుణ్ణి ఆపి, "నేను కాస్త తేలికపడ్డానండీ, మళ్లీ బరువెక్కించకండి," అన్నారు. సరిదిద్దిన వ్యాసం గత వారమే వెలువడింది. దాని పీఠిక డైరెక్టర్ గారే రాశారు. తొలి వ్యాసం కంటే ఈ రెండోదే మన సంస్థకు ఎక్కువ గౌరవమని ఆయన అందులో రాయడం వారి పెద్దమనసుకు తార్కాణం.

ఇక ముందు ఏం చేయబోతున్నారని అడిగితే, మేడమ్ తన సంచిలోంచి రెండు రైలు టిక్కెట్లు తీసి చూపించారు. ముప్పై నాలుగేళ్లు ఆ నదీతీర ప్రజల మాటలు చదివిన ఈవిడ, ఆ నదిని ఒక్కసారి కూడా చూడలేదట. తవ్వకాలు వారు చేరకముందే ముగిసిపోయాయి. ఆ తర్వాత పలకలు, పిల్ల చదువు, బాధ్యతలు, ఏదో ఒకటి అడ్డొచ్చింది. వచ్చే నెల పన్నెండున మాస్టారితో కలిసి బయలుదేరుతున్నారు. "ముప్పై నాలుగేళ్లుగా ఆ ఊరి సంగతులే ఇంట్లో. ఎండ ఎలా ఉంటుంది, చెప్పులు ఏవి తెచ్చుకోవాలి అని అడిగితే మాత్రం తెలీదంటుంది," అని మాస్టారి ఫిర్యాదు. అక్కడ ఏం చూస్తారని అడిగాం. "ఏమీ లేదు. నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటాను. చదవడానికేమీ తీసుకెళ్లడం లేదు," అన్నారు.

ఆ ప్రయాణం వారికి సుఖంగా సాగాలని, నిరుడు శస్త్రచికిత్స చేయించుకున్న ఆ కళ్లు చిరకాలం చల్లగా ఉండాలని, మెట్లంటే అలిగే మోకాళ్లు ఆ నది గట్టు దగ్గరైనా అలక మానాలని, మాస్టారి చమత్కారాలకు విసుక్కుంటూ, కూతురి కబుర్లు వింటూ వారు ఇంకా ఎన్నో వేసవులూ వానలూ ఆయురారోగ్యాలతో చూడాలని, సహోద్యోగులందరి పక్షాన నిండు మనసుతో ఆకాంక్షిస్తున్నాం. వారు ఆ ఒడ్డున ఎన్నాళ్లు కూర్చోవాలనుకుంటే అన్నాళ్లు కూర్చోవాలి. లేవమని తొందరపెట్టే పని ఏదీ వారికి ఉండకూడదు.